ఎప్పుడూ చేయని పని నైట్ డ్యూటీలో మీద పడితే ఎవర్ని అడగాలి?

వార్డు_స్టాఫ్
మెడికల్ వార్డు నుంచి రేపు రాత్రి ఐసీయూకి వేశారు. కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) డ్రిప్ సొంతంగా పెట్టింది లేదు. రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) కాలేజీలో బొమ్మకు వేసిందే. రాత్రి ఇన్‌చార్జి సిస్టర్ ఉండరు. "నాకు రాదు" అంటే రిమార్కు రాస్తారా? ఎవర్ని, ఎలా అడగాలి?

ఐసీయూ_బ్రదర్
కొత్తవాళ్లకు మా దగ్గర ట్రైనింగ్ ఇచ్చేది నేనే, రాసుకో అమ్మా. 15 శాతం కేసీఎల్ యాంపుల్ 10 ఎంఎల్, అందులో 20 ఎంఈక్యూ (పొటాషియం కొలిచే యూనిట్). 500 ఎంఎల్ ఎన్ఎస్ (నార్మల్ సెలైన్)లో ఒక్క యాంపుల్ వేస్తే లీటరుకు 40 ఎంఈక్యూ. చేతి నరానికి అంతకు మించొద్దు. గంటకు 10 ఎంఈక్యూ దాటొద్దు, అంటే ఆ బాటిల్ రెండు గంటలకన్నా ముందు అయిపోకూడదు. ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెట్‌తో నిమిషానికి 83 చుక్కలు పై హద్దు, నాలుగు గంటలకైతే 42. నేరుగా నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగుతుంది. వేలాడే బాటిల్లోనే పొడిచి, ఒకసారి ఊపితే కలిసిపోతుంది.

పాత_సిస్టర్
లెక్కంతా సరే, ఆ చివరి మాట తీసేయండి బ్రదర్! తలకిందులుగా వేలాడే బాటిల్లో కేసీఎల్ బరువుకు కిందికి, సెట్ గుచ్చిన మూతి దగ్గరికే చేరుతుంది. మొదటి నిమిషాల్లో పేషెంటుకు వెళ్లేది చిక్కటి మందు, అది పుష్ చేసినట్టే. క్లాంప్ మూసి, బాటిల్ దించి, మందు వేసి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి, అప్పుడు తగిలించాలి.

ఐసీయూ_బ్రదర్
క్లాంప్ మూసే వేస్తాం, ఆ మాత్రం తెలియదా? అందరూ అలాగే చేస్తున్నారు.

పాత_సిస్టర్
అందరూ చేస్తే మందు కలిసిపోతుందా? క్లాంప్ మూసినా మూతిలో నిలిచింది ఊపితే కదలదు. కొత్తపిల్ల అడిగిన చోట ఇలాంటివి నేర్పొద్దు.

గుంటూరు_జీఎన్ఎం
మా దగ్గర డీఎన్ఎస్‌లోనే (డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ ఉన్న సెలైన్) కలుపుతారు, తప్పా?

డయాలసిస్_టెక్
పొటాషియం తక్కువుంటే డెక్స్‌ట్రోజ్ వద్దు. ఇన్సులిన్ పెరిగి, ఉన్న పొటాషియం కూడా కణాల్లోకి పోతుంది. పెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), గంట గంట మూత్రం ఎవరూ చూడట్లేదు, అదీ నా బాధ. మూత్రం రాని పేషెంటుకు కేసీఎల్ ఎక్కిస్తే బయటికి పోయే దారి లేదు. మానిటర్‌లో గుండె గీతలోని టీ వేవ్ మొనదేలి పైకి లేస్తే వెంటనే డ్రిప్ ఆపి డాక్టర్ని పిలవండి.

నైట్_సూపర్‌వైజర్
అమ్మాయి అడిగింది వదిలేసి అందరూ బాటిల్ చుట్టూ తిరుగుతున్నారు. వార్డు_స్టాఫ్, "నాకు రాదు" అని ఊరుకోకండి. "ఇది నేను సొంతంగా చేయలేదు, మొదటిసారి మీరు పక్కన ఉండాలి" అనండి. హ్యాండోవర్‌లోనే (డ్యూటీ అప్పగించేటప్పుడే) చెప్పాలి, రాత్రి రెండు గంటలప్పుడు బెడ్ దగ్గర కాదు. పక్క బెడ్ సిస్టర్‌ని చెక్ చేయమన్నప్పుడు మీ లెక్క చూపించకండి. ఆవిడ విడిగా వేసుకోవాలి, అప్పుడు రెండు లెక్కలూ సరిపోల్చండి. చూపించి "సరేనా" అంటే అందరూ సరే అనే అంటారు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే బెడ్ నంబరు, జబ్బు, పొటాషియం విలువ, మూత్రం ఎంత, లైన్ చేతికా మెడకా, మీకేం కావాలో, ఈ వరసలో చెప్పండి. ఆయన చెప్పిన ఆర్డర్ మోతాదు, ద్రవం, గంటల లెక్కతో సహా తిరిగి చదివి వినిపించండి. టైమ్ వేసి రాసి, ఆయన రాగానే సంతకం తీసుకోండి.

గుంటూరు_జీఎన్ఎం
ఒక్క సిస్టర్‌కి అన్ని బెడ్లు ఇచ్చి డబుల్ చెక్ అంటే ఎవరు వస్తారు మేడమ్? మా కష్టం కూడా రాయండి.

నైట్_సూపర్‌వైజర్
కష్టం నిజమే. అందుకే అన్నిటికీ అడగను. కేసీఎల్, ఇన్సులిన్, హెపారిన్, నార్అడ్రినలిన్, రక్తం. వీటికి మాత్రం రెండో మనిషి రానిదే మొదలు పెట్టొద్దు.

వార్డు_స్టాఫ్
చాలా థ్యాంక్స్ మేడమ్. రైల్స్ ట్యూబ్ సంగతి ఎవరూ చెప్పలేదు. గాలి కొట్టి స్టెత్‌తో వింటే చాలా?

పాత_సిస్టర్
చాలదమ్మా. ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం వినిపిస్తుంది. ముక్కు కొన నుంచి చెవి తమ్మె, అక్కణ్ణించి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలిచి గుర్తు పెట్టుకో. వేస్తుంటే దగ్గు వచ్చినా, పెదవులు నీలమైనా వెంటనే బయటికి లాగేయి. లోపలి ద్రవం కొంచెం లాగి పీహెచ్ పేపర్ మీద వెయ్యి, 5.5 లేదా తక్కువ రావాలి. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ వాడే పేషెంటుకు పెరిగి కనిపించొచ్చు, అప్పుడు ఎక్స్‌రే. డాక్టర్ ఫిల్మ్ చూసి కేస్ షీట్లో రాసేదాకా పాలు కాదు కదా, నీళ్లు కూడా పోయొద్దు.