ఇలకోడి పిల్లలు నాలుగో రోజుకే చచ్చిపోతున్నాయి

విజయనగరం_బల్లి: లెపర్డ్ గెక్కో అనే పెంపుడు బల్లి మేతకి ఇలకోళ్లు (కీచురాళ్లు) పెంచుతున్నా. 40 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అవి దాక్కోడానికి కోడిగుడ్ల అట్టలు, సీసా మూతలో నీళ్లు, మేతకి తౌడు. గుడ్ల నుంచి పిల్లలు వస్తున్నాయి గానీ నాలుగో రోజుకి సగం పిల్లలు కూడా మిగలట్లేదు. లోపల ఘాటు వాసన. ఏం మార్చాలండీ?

ఉద్దానం_పొట్టు: ముందు ఆ నీళ్ల మూత తీసెయ్యండి. ఆవగింజంత పిల్ల చుక్క నీటిలో పడినా లేవలేదు. తడి దూది పెట్టి రోజూ మార్చండి. ఘాటు వాసనంటే అమ్మోనియా, గాలి ఆడట్లేదు. మూతకి అరచేయంత కంత కోసి సన్న స్టీలు జాలీ అతికించండి, నైలాన్‌దైతే కొరికేస్తాయి.

ఇలకోళ్లు గుడ్లు పెట్టే గిన్నెలో రెండంగుళాల కొబ్బరి పొట్టు చాలు. సోంపేట వైపు పొట్టు చవకే, కాకపోతే ఉప్పు ఉండొచ్చు, మూడు నీళ్లు కడగాలి. పిడికిట్లో పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి, కారకూడదు. రెండ్రోజులకి గిన్నె వేరే డబ్బాలోకి మార్చేయండి, లేకపోతే పెద్దవే గుడ్లు తవ్వి తింటాయి. 30 డిగ్రీల దగ్గర పది పన్నెండు రోజులకి పిల్లలొస్తాయి.

చీమల_కాపలా: చీమలు పడితే రాత్రికి రాత్రే ఖాళీ. నీళ్ల పళ్లెంలో గ్లాసులు బోర్లించి వాటిమీద డబ్బా పెట్టండి. చీమల చాక్‌పీసు గీత మాత్రం వద్దు, ఇలకోళ్లూ పోతాయి.

విజయనగరం_బల్లి: తౌడు సరిపోదా?

ఉద్దానం_పొట్టు: చాలదు. మాంసకృత్తులు తగ్గితే ఒకదాన్నొకటి పీక్కుతింటాయి. కోడిపిల్లల మేత మెత్తగా దంచి సగానికి సగం కలపండి. గెక్కోకి వేసేముందు కాల్షియం పొడిలో దొర్లించడం మరవకండి.