డోర్నకల్ కెథడ్రల్ పాత రిజిస్టర్లు ఎక్కడ చూడవచ్చు?

మా ముత్తాత రాతిపని చేసేవారు. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ కడుతున్న రోజుల్లో అక్కడ పనిచేశారని, ఆ ఊళ్లోనే బాప్తిస్మం పొందారని మా నాయనమ్మ చెప్పేది. ఆమె పోయాక ఆ మాటలు తప్ప మా దగ్గర ఒక్క కాగితం కూడా మిగల్లేదు.

1912లో కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన క్రైస్తవ సంఘం) తొలి భారతీయ బిషప్. ఆయన పూనికతో లేచిన ఈ గుడి 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు ఒకే కప్పు కింద ఎలా కుదిరాయా అని చూసిన ప్రతిసారీ నిలబడిపోతాను. ఆ రాళ్లు చెక్కిన చేతుల పేర్లు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని నా ఆశ.

డోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలోది. 1947 నుంచి అక్కడి డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) భాగం. మరి అంతకు ముందరి బాప్తిస్మ రిజిస్టర్లు, కూలీల పద్దులు డయాసిస్ కార్యాలయంలోనే ఉంటాయా? బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ భాండాగారానికి చేరాయా? ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఎస్.పీ.జీ. (సువార్త ప్రచారానికి ఏర్పడిన ఇంగ్లండ్ మిషనరీ సంస్థ) పత్రాల్లో స్థానిక పనివారి పేర్లు కనిపిస్తాయా?

అక్కడ వెతికినవారు ఉంటే, ముందుగా ఎవరికి ఉత్తరం రాయాలో, ఏ వివరాలు ఇవ్వాలో దయచేసి చెప్పండి. మా నాన్నగారికి ఎనభై దాటాయి. తన తాతగారి పేరు ఆ రిజిస్టరులో ఆయన కళ్లారా చూడాలి.