పాత కారు: ఇనుము కొట్టుకా, రిజిస్టర్డ్ స్క్రాప్ కేంద్రానికా?

గోదారి గట్టు:
చర్చ కోసం ఒక లెక్క. 2008లో రిజిస్టరైన పెట్రోల్ ఆల్టో. 2023లో ఆర్‌సీ గడువు అయిపోయింది, రెండేళ్లుగా షెడ్డులోనే ఉంది. పాత ఇనుము కొట్టువాళ్లయితే ఇంటికొచ్చి, నగదు చేతిలో పెట్టి ఎత్తుకుపోతారు. గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రం అంతకన్నా తక్కువ చెబుతుంది. వాళ్లిచ్చే సర్టిఫికెట్ కాగితం కోసం ఆ తేడా వదులుకోవాలా?

స్పానర్ 14:
వదులుకోనక్కర్లేదు. కొట్టువాడు ఎక్కువెందుకిస్తాడో చూడండి. ఆల్టో మొత్తం బరువు సుమారు 700 కిలోలు. సీట్లు, గాజు, రబ్బరు, ప్లాస్టిక్ తీసేస్తే ఇనుము మూడింట రెండొంతులే. కానీ అతను ఇనుము ఒక్కటే లెక్కేసుకోడు. డోర్లు, గేర్‌బాక్స్, ఆల్టర్నేటర్ సెకండ్ హ్యాండ్ స్పేర్లుగా పోతాయి. సైలెన్సర్ దగ్గర పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం ఉంటాయి, దాన్ని విడిగా అమ్ముకుంటాడు. బేరం ఆడటం తెలిస్తే ఆ డబ్బులో వాటా మనకీ వస్తుంది.

ఆర్‌సీ పురాణం:
సరే అన్నా, మరి ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటుంది? కొట్టువాడు దాన్ని రద్దు చేయించడు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది, బండి చేతులు మారినా సరే. తుక్కైన బండికి ప్రమాదమేంటంటారా? చాసిస్ నంబర్ కొట్టిన రేకు ముక్క జానెడు కూడా ఉండదు. దాన్ని కోసి అదే మోడల్ దొంగబండికి వెల్డింగ్ చేసి, పాత నంబర్ ప్లేటు బిగిస్తే మీ ఆల్టో మళ్లీ రోడ్డెక్కినట్టే. చలానాలు మీ ఇంటికొస్తాయి. రిజిస్టర్డ్ కేంద్రమైతే 2021 స్క్రాప్ కేంద్రాల రూల్స్ ప్రకారం ఆ ముక్క కోసి 6 నెలలు భద్రపరచాలి. మీరు డబ్బు వదులుకునేది దానికోసం.

పాతబండి ప్రేమి:
అసలు తుక్కెందుకు? 15 ఏళ్లు దాటితే స్క్రాప్ తప్పనిసరి అన్న భ్రమ చాలామందికి ఉంది. ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర సొంత కారుకి ఫిట్‌నెస్ ఉంటే 5 ఏళ్ల చొప్పున రెన్యువల్ ఇస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లకి కచ్చితంగా రద్దవుతున్నవి ప్రభుత్వ బళ్లు.

ఆర్‌సీ పురాణం:
నిజమే. ఈ బండికి లెక్క వేద్దాం. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000. ఆలస్యానికి నెలకి రూ.500, అంటే 24 నెలలకి రూ.12,000. మొత్తం రూ.17,000. దీనిమీద పాత బళ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్‌కి పట్టే టైర్లు, బ్రేకుల ఖర్చు. నడిచే బండికైతే పెట్టొచ్చు, షెడ్డులో తుప్పు పట్టేదానికి దండగ.

తుక్కు లెక్క:
కేంద్రానికే వెళ్లేవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారో చెప్తా. మొదటిది ఫైనాన్స్. లోన్ ఎప్పుడో తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35తో ముందు అది తీయించండి. రెండోది రికార్డు. తెలంగాణ చాలా ఏళ్లు దేశమంతటి బళ్ల రికార్డులుండే వాహన్‌లో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్ నడిపింది. చాసిస్ నంబర్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా స్క్రాప్ దరఖాస్తు పెట్టే పోర్టల్ ముందుకు కదలదు. బండి మీదున్న నంబర్‌కి సుద్దముక్క రుద్ది చదివి, ఆర్‌సీతో పోల్చుకోండి. యజమాని చనిపోతే వారసుల కాగితాలు కావాలి. పెండింగ్ చలానాలు కట్టేయండి.

బ్యాటరీ, కన్వర్టర్ ముందే పీకి అమ్ముకుని ఖాళీ డొక్కు పంపితే రేటు పడిపోతుందండీ. పికప్ ఖర్చు ఎవరిదో, రేటు కిలోకా, బండి మొత్తానికా అన్నది రాయించుకోండి. డబ్బు ఖాతాలోకే వేయించుకోండి. బండి అప్పగించిన రోజు వచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్. ముక్కలు చేశాక వచ్చేది వేరే, వెహికల్ స్క్రాపింగ్ సర్టిఫికెట్. మొదటిది రాగానే పని అయిపోయిందనుకుంటారు, అక్కడే పొరపాటు. ఆర్‌సీ రద్దయిందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబర్ కొట్టి చూసుకోండి.

గోదారి గట్టు:
కొత్త బండి కొంటే ఆ డిపాజిట్ సర్టిఫికెట్‌కి విలువ ఎంత?

తుక్కు లెక్క:
కొత్తదానికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. రోడ్డు పన్నులో రాయితీ కేంద్ర ప్రభుత్వం చెప్పిన గరిష్ఠం ప్రకారం సొంత బండికి 25 శాతం, రవాణా బండికి 15 శాతం. అంటే పన్ను రూ.80,000 అయితే మిగిలేది రూ.20,000 దాకా. కానీ అమలు రాష్ట్రం జీవోను బట్టే. తెలంగాణ 2024లో సొంతంగా ఒక స్వచ్ఛంద విధానం తెచ్చింది. షోరూమ్‌వాడి మాట కాదు, జీవో చూడండి. కొత్తది కొననివాళ్లు సర్టిఫికెట్ ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

స్పానర్ 14:
కారుకి ఒప్పుకుంటా. బైక్ సంగతి చెప్పండి. నూటపది కిలోల బండి, కేంద్రం వంద కిలోమీటర్ల అవతల. ఆటో ట్రాలీ కిరాయికే తూకం డబ్బు చాలదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 కింద ఆర్టీఓ దగ్గర ఆర్‌సీ రద్దు చేయించి, ఆ తర్వాత కొట్టుకి వేస్తే తప్పేంటి?

ఆర్‌సీ పురాణం:
2025 ఏప్రిల్ 1 నుంచి అదీ చిక్కే. కొత్త ఈఎల్‌వీ (కాలం తీరిన బళ్ల) రూల్స్ ప్రకారం ఆర్‌సీ రద్దయినది, గడువు తీరినది కూడా కాలం తీరిన బండే. 180 రోజుల్లోగా రిజిస్టర్డ్ కేంద్రానికో, అలాంటి బళ్లు తీసుకునే కలెక్షన్ సెంటర్‌కో అప్పగించాలి. వ్యవసాయ ట్రాక్టర్లకి, పవర్ టిల్లర్లకి మినహాయింపు.

స్పానర్ 14:
జిల్లాకో కలెక్షన్ సెంటర్ పెట్టి ఆ మాట చెప్పమనండి సార్. అప్పటిదాకా పల్లెటూరి స్కూటర్ పాత ఇనుము బండెక్కి పోతూనే ఉంటుంది. అలా వేసేవాళ్లు కనీసం ఆర్‌సీ రద్దు చేయించుకుని, చాసిస్ నంబర్ ముక్క మీ ఎదురుగా కోయించి తీసుకోండి. నంబర్ ప్లేట్లు ఇవ్వకండి.

తుక్కు లెక్క:
ఆ ముక్క దగ్గరున్నంత మాత్రాన రూల్ పాటించినట్టు కాదు, అది తెలిసే చేయండి. ఒకే ఊరివాళ్లు నాలుగైదు స్కూటర్లు పోగేసి పిలిస్తే కిరాయి పంచుకోవచ్చు, పికప్‌కి కేంద్రం ఒప్పుకునే వీలూ ఎక్కువే. గోదారి గట్టు గారూ, ఆల్టో వెళ్లేముందు ఫాస్టాగ్ ఉంటే మూసేయించి, స్టిక్కర్ గీకేయండి.