సబ్బు మానేసినా ముక్కు పక్కన పొట్టు ఆగట్లేదు

కడిగిన 5 నిమిషాలకే బుగ్గలు బిగుసుకుపోయేవి, ముక్కు పక్కన పొట్టు. నుదురు మాత్రం జిడ్డు. మావి ఉప్పు బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 900. మామూలు సబ్బు పీహెచ్ 9-10, అంటే క్షారగుణం ఎక్కువ, పైగా ఈ నీళ్లలోని కాల్షియంతో విరిగి బకెట్ అంచుకు తెల్లగా పట్టేస్తుంది, ముఖానికీ అంతేగా! అందుకే 6 వారాలుగా పీహెచ్ 5.5 సిండెట్ బార్ (సబ్బు లేని క్లెన్సింగ్ బార్), రాత్రి ఒక్కసారే, అర నిమిషం. పొద్దున ఉత్త నీళ్లు. తడి మీదే గ్లిజరిన్ మాయిశ్చరైజర్. బిగుతు సగానికి తగ్గింది, పొట్టు తగ్గలేదు. 2% సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌తో మంట పుట్టి 10 రోజులకే ఆపేశాను. సిండెట్ మడ్డి కట్టదు కాబట్టి నీళ్ల మీద అనుమానం సగమే. కనుబొమ్మల్లోనూ పసుపుపచ్చ పొలుసులు కనిపిస్తున్నాయి.

ఇది ఇంకా మానని సబ్బు దెబ్బేనా, లేక సెబోరిక్ డెర్మటైటిసా (జిడ్డు ఉండే చోట్ల పొలుసులు రేగే చర్మ సమస్య), ఎలా తేల్చుకోవాలి?