కౌజు గుడ్లు నాటుకోడి కింద పెట్టాలా, మెషీన్‌లోనా?

పెరటి రైతు:
ఫారం నుంచి జపనీస్ కౌజు గుడ్లు ఓ 20 తెస్తున్నాను, పొదిగించడానికే. ఇంట్లో నాటుపెట్ట ఒకటి పొదుగు మీదుంది. "కోడి ఉండగా మెషీనుకు డబ్బులు తగలెయ్యడం దేనికిరా" అని నాన్న. మెషీనే కావాలని తమ్ముడు. పెంచినవాళ్ళు చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

కొల్లేటి కోడలు:
మీ నాన్నగారి మాటే నా మాట. తరాలుగా మెషీన్లలోనే పుట్టి ఫారం కౌజులకు పొదిగే గుణం పోయింది. గుడ్డు పెట్టిన చోటే వదిలేసి పోతాయి. కాబట్టి ఇంకొకరు పొదగాల్సిందే, ఆ పని నాటుపెట్టకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుడ్లు తనే తిప్పుకుంటుంది, కరెంటు పోయినా లేవదు. ఒళ్ళు తేలికైన పెట్టను ఎంచుకోండి, బరువుదైతే పెంకులు చిట్లుతాయి. చీకటి పడ్డాక దాని కింద గుడ్లు మార్చండి. కోడిగుడ్లతో మాత్రం కలపొద్దు. కౌజు పిల్ల 17, 18 రోజులకే దిగుతుంది, కోడిపిల్లకు 21 రోజులు. ముందు దిగిన పిల్లలతో పెట్ట లేచిపోతే వెనక గుడ్లన్నీ చల్లబడి పాడైపోతాయి.

వెటర్నరీ స్టూడెంట్:
కోడలు గారూ, పొదగడం వరకు ఒప్పుకుంటా. నా భయమంతా ఆ తర్వాతి వారం గురించి. అప్పుడే దిగిన కౌజు పిల్ల 7, 8 గ్రాములుంటుంది. పెట్ట మేత కోసం కాలితో నేల గీరితే చాలు, ఆ విసురుకు పిల్ల ఎగిరి పడుతుంది. మొదటి వారం దానికి 35 నుంచి 37 డిగ్రీల వెచ్చదనం కావాలి. పెట్టేమో పొద్దున్నే పెరడంతా తిప్పుతుంది. వెనకబడి తడిగడ్డిలో ఆగిన పిల్ల అక్కడే బిగుసుకుపోతుంది. తిండీ అంతే. మూడు వారాల వరకు దాణాలో 27 శాతం దాకా మాంసకృత్తులుండాలి. కోడితో తిరిగే పిల్లలకు మన ఇళ్ళలో వేసేది నూకలు. పొట్ట నిండుతుంది, పిల్ల ఎదగదు. పైకి ఆరోగ్యంగా ఉన్న కోడి నుంచి కూడా కౌజులకు పేగుల జబ్బులు అంటుకోవచ్చు. అందుకే మెషీన్ అంటున్నా. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు, తేమ 50 నుంచి 60 శాతం. 15వ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపి, తేమ 70 దాకా పెంచండి. కోడి కిందే పెడతామంటే, పిల్లలు దిగి ఒళ్ళు ఆరగానే తీసి బల్బు కిందికి మార్చండి.

సిద్దిపేట షెడ్డు:
మెషీన్ అంటె వేలు పోసి కొనాల్నా? థర్మకోల్ డబ్బ, వేడి సూసి బల్బు బంద్ చేసి మళ్ల ఎలిగిచ్చే డబ్ల్యూ1209 కంట్రోలర్, కంప్యూటర్ ఫ్యాన్, గిన్నెల నీళ్ళు, రెండు గుండు బల్బులు. రాత్రి ఒకటి మాడిపోయినా ఇంకోటి ఉంటది. ఎల్ఈడీ పెట్టకుండ్రి, అది వెలుగిస్తది గని వేడి ఇయ్యది. కరెంటు పోతె మూత తియ్యకుండ దుప్పటి కప్పుండ్రి. గంటసేపు సల్లబడితె గుడ్డు తట్టుకుంటది, 40 డిగ్రీలు దాటితె తట్టుకోదు.

పిల్లలు దిగినంక అసలు పని. అట్టపెట్టెల న్యూస్ పేపర్ ఒక్కటే పరిస్తె కాళ్ళు జారి చెరో దిక్కు పోతయి, ఇగ ఆ పిల్ల నిలబడది. గోనెపట్టా పరువుండ్రి. నీళ్ళ మూతల గులకరాళ్ళు నింపుండ్రి, లేకుంటె అండ్లనే పడి సస్తయి. బల్బు కింద కుప్ప పడితె సలి పెడుతున్నట్టు, దూరం జరిగి నోరు తెరిస్తె ఉడ్క. థర్మామీటర్ కన్న ముందు పిల్లలను సూడాలె. బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుడు మరువకుండ్రి. ఎర్రచీమలు ఒక్క రాత్రిల పెట్టె ఖాళీ చేస్తయి.

గోదారి గట్టు:
అసలు కౌజులు పెంచడం నేరం అన్నారే?

వెటర్నరీ స్టూడెంట్:
అడవి కౌజులు 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, వల వేయడం నేరం. జపనీస్ కౌజు వేరు, 1974లో అమెరికా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి తెచ్చారు. వీటి ఫారాలకు 2011లో కేంద్రం కొత్త లైసెన్సులు ఆపించింది, 2013లో ఆ అడ్డు తీసేసింది. ఫారం రసీదు దగ్గర పెట్టుకోండి.

కొల్లేటి కోడలు:
దిగగానే తీసెయ్యమనడం తేలికే బాబూ. పిల్లలను లాక్కుంటే ఆ పెట్ట గూడు చుట్టూ తిరుగుతూ పిలుస్తూనే ఉంటుంది, మేత కూడా సరిగ్గా ముట్టదు. అదే రాత్రి చీకట్లో నాలుగు చిన్న కోడిపిల్లలను దాని రెక్క కింద పెట్టండి, చాలా పెట్టలు తెల్లారేసరికి తనవే అనుకుంటాయి. అది చెయ్యలేనివాళ్ళు దాని కింద కౌజు గుడ్లు పెట్టనే కూడదు.

పెరటి రైతు:
నాన్నకు అన్నీ చదివి వినిపించాను. కోడిని దాని గుడ్ల మీదే ఉండనియ్యమన్నారు, థర్మకోల్ డబ్బా కట్టే పని తమ్ముడిది. పిల్ల పెంకు చిట్లించి బయటికి రాలేకపోతే మనం తీయొచ్చా?

సిద్దిపేట షెడ్డు:
ముట్టకు తమ్మీ. మాటిమాటికి మూత తీస్తె తేమ పోయి, లోపటి పొర ఎండి పిల్లకు అతుక్కుంటది. ఒక దినం ఆగు.

కొల్లేటి కోడలు:
దినం దాటాక కూడా లోపల అరుస్తుంటే నేను చూస్తూ కూర్చోను. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో పొర తడిపి, గుడ్డు మొద్దువైపు కాస్త పెంకు ఒలుస్తా. రక్తం కనిపిస్తే ఆపేస్తా.

వెటర్నరీ స్టూడెంట్:
రక్తం కనిపించిందంటే అప్పటికే తొందరపడ్డట్టండీ. పొరలో నరాలు ఇంకిపోలేదు, పచ్చసొన పొట్టలోకి పోలేదు. అలా తీసిన పిల్లలు చాలావరకు బతకవు. ఒలిచేముందు టార్చి వెలుగులో పొర చూడండి, ఎర్ర గీతలుంటే ఇంకా ఆగాల్సిందే.