చిన్న లేత్ కింద నూనె ట్రే: ఎక్కడైనా దొరుకుతుందా, చేయించుకోవాలా?

ప్రశ్న (కల్లూరు, కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలులో కల్లూరు వైపు ఒక గది అద్దెకు తీసుకొని, బోరు మోటార్ల షాఫ్టులు, బుష్‌లు టర్నింగ్ చేసి ఇస్తుంటాను. నా దగ్గర ఉన్నది బెంచి లేత్, అంటే ఇనుప ముక్కను తిప్పుతూ టూలుతో చెక్కే చిన్న మిషన్. ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు అడుగులు ఉంటుంది, ఇనుప యాంగిళ్లతో చేసిన స్టాండు మీద నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. పాతది కొన్నాను కాబట్టి కింద ఉండవలసిన ట్రే దానితో రాలేదు.

గది నేలంతా బేతంచెర్ల బండలు. బండ మీద పడిన నూనె తుడిస్తే చాలావరకు పోతుంది గానీ, బండకూ బండకూ నడుమ సందులోకి దిగినది మాత్రం పోదు. రెండేళ్లలో లేత్ చుట్టూ ఉన్న సందులన్నీ నల్లటి గీతలై తేలాయి. మొన్న ఇంటి యజమాని వచ్చి, ఆ గీతలను చెప్పు కొనతో ఒక్కొక్కటిగా చూపించి, "ఖాళీ చేసేనాడు ఈ బండలు మార్చిపోవాల" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇంతవరకు అట్టలు, రంపపు పొట్టు, పాత ఫ్లెక్సీ వాడి చూశాను. నీలం తిరిగిన వేడి ఇనుప పొట్టు పడి ఫ్లెక్సీ నిండా చిల్లులు పడ్డాయి. స్టీలు సామాన్ల దుకాణాల్లో అడిగితే బేకరీ ట్రే చూపించారు. అది అరవై సెంటీమీటర్లకు నలభై, అంటే నా మిషన్‌లో సగానికైనా రాదు. నాకు కావలసింది సుమారు 130 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 5 లోతు. చెక్కేటప్పుడు వేడి తగ్గించే కూలెంట్ పోయడానికి పంపు లేదు. డబ్బాలో నుంచి సోలబుల్ ఆయిల్ (నీళ్లలో కలిసే నూనె) కలిపిన నీళ్లు చుక్కలుగా పడేటట్టు పెట్టుకుంటాను. దానికి తోడు హెడ్‌స్టాక్ (ముక్కను తిప్పే భాగం) నుంచి నూనె కారుతుంది. 200 లీటర్ల డ్రమ్మును నిలువునా రెండుగా కోసి ఒక సగం పెట్టుకుంటే సరిపోతుందా, లేక రేకుతో చేయించాలా? చేయిస్తే బోల్టులు దిగే చోట కారకుండా ఏం చేయాలి?

జవాబు (తాడిపత్రి)

అన్నా, డ్రమ్ము ఆలోచన ముందు వదిలేయండి. అందులో ఇంతకుముందు డీజిలో, థిన్నరో ఉండి ఉంటే, ఖాళీ అయిన తరువాత కూడా లోపల ఆవిరి నిలిచి ఉంటుంది. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే ప్రమాదమని చెప్పేది అందుకే. గ్రైండరు నిప్పురవ్వ ఒక్కటి లోపలికి పోతే మూత ఎగిరి మనిషి మీద పడుతుంది. ఎంత బాగా కడిగినా నేనైతే గ్రైండరు పెట్టను. ఆ ప్రమాదం సంగతి అటుంచినా కొలత కుదరదు. డ్రమ్ము పొడవు దాదాపు 88 సెంటీమీటర్లే, సగం కోస్తే లోతు 28 దాకా వస్తుంది. మీ స్టాండులో అది ఎక్కడ పడుతుంది?

నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ల మరమ్మతు చూస్తాను. ట్రే చేయించే ముందు ఒక పని చేయండి. సాయంత్రం లేత్ ఆపి, శుభ్రంగా తుడిచి, బోల్టుల చుట్టూ, హెడ్‌స్టాక్ అడుగున ముగ్గుపిండి చల్లి పొండి. పొద్దున్నే వచ్చి చూస్తే పిండి ఎక్కడ తడిసి ముద్దయిందో అక్కడి నుంచే కారుతున్నట్టు. సగం కారుడు ఆయిల్ ప్లగ్ దగ్గర పాడైన వాషరు వల్లనే అయితే, అది మార్చడానికి పట్టేది పది నిమిషాలు.

జవాబు (కడప)

మా నాయన ట్రంకుపెట్టెలు చేసేవాడు, నేనూ రేకుల పనిలోనే ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ట్రే కారేది అడుగున కాదు, మూలల దగ్గర. చాలామంది రేకు నాలుగు మూలలూ చతురస్రంగా కత్తిరించి, అంచులు లేపి, మూల వెల్డింగ్ చేయిస్తారు. పలుచటి రేకు మీద ఆర్క్ వెల్డింగ్ పడితే ఒక చోట అతుకుతుంది, పక్కనే చిల్లు పడుతుంది. ఆ చిల్లు పూడ్చబోతే ఇంకొకటి పడుతుంది.

మూలను అసలు కత్తిరించనే వద్దు. అంచులు లేపేటప్పుడు మూలలో మిగిలే రేకును చెవి మాదిరిగా బయటికి లాగి, దానిని నడిమికి మడిచి, పొట్టి అంచు మీదికి వాల్చి సుత్తితో అణచాలి. పిల్లలు కాగితంతో పెట్టె చేసేటప్పుడు మూల మడిచినట్టే. తరువాత పై అంచును ఒకటిన్నర సెంటీమీటరు బయటికి వంచి, ఆ చెవి కొన మీదుగా కిందికి మడిచేస్తే చెవి దాని కింద ఇరుక్కుపోయి మళ్లీ లేవదు, అంచు చేతిని కోయదు. మూలలో కోత లేదు గనుక నీరు దిగడానికి దారి లేదు.

ఈ మడత 18 గేజీ వంటి మందపు రేకుకు చేతితో రాదు. చెవి దగ్గర రేకు మూడు పొరలవుతుంది. 20 గేజీ, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లది తీసుకోండి. మీరు చెప్పిన ట్రేకు 143 సెంటీమీటర్లకు 63 సెంటీమీటర్ల ముక్క కావాలి, బరువు ఆరున్నర కిలోల లోపే. జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్నది తీసుకుంటే తుప్పు బాధ కూడా ఉండదు. మీ ఊరిలో ట్రంకుపెట్టెలు చేసే దుకాణానికి కాగితంతో ఒక నమూనా మడిచి తీసుకుపోండి. మాటల్లో చెప్పడం కంటే అది మేలు.

జవాబు (అనంతపురం)

మూల మడత విషయంలో కడప సోదరుడితో పూర్తిగా ఏకీభవిస్తాను గానీ జీఐ రేకుతో కాదు. సోలబుల్ ఆయిల్ కలిపిన నీళ్లకు క్షార గుణం ఉంటుంది, నిలువ ఉంటే అవి జింకు పూతను తినేస్తాయి. రెండవది, ముందుముందు ఆ ట్రేకు ఏదో ఒకటి వెల్డింగ్ చేయవలసి వస్తుంది. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, ఇనుము కరగాలంటే దాదాపు 1500 కావాలి. కాబట్టి జీఐ మీద ఆర్క్ తగిలిందంటే తెల్లటి పొగ తప్పదు. ఒక వానాకాలం తలుపులు మూసుకొని అలాగే వెల్డింగ్ చేశాను. రాత్రి ఎనిమిది గంటలకు వణుకుతో జ్వరం వచ్చింది, మలేరియా అనుకొని ఇంట్లో వాళ్లు హడలిపోయారు, మరునాటి సాయంత్రానికి దానంతట అదే తగ్గింది. బెల్లం తింటే ఆ పొగ ఏమీ చేయదని మా దగ్గర అంటారు. నేను తిన్నాను, ఒరిగిందేమీ లేదు. మీరు సీఆర్ షీటు (జింకు పూత లేని ఇనుప రేకు) తీసుకొని, లోపల రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ పెయింటు వేయించండి. మామూలు ఎనామిల్ పెయింటు ఈ నీళ్లకు మెత్తబడి పొరలుగా లేచిపోతుంది.

అసలు విషయం బోల్టులు. ట్రేను స్టాండు మీద పరిచి, దానిపైన లేత్ పెట్టి బిగిస్తే పని అయిపోయిందనిపిస్తుంది. రేకు ఒక కాలి కింద కాస్త ఉబ్బుగా ఉన్నా చాలు, బోల్టు బిగించినప్పుడు లేత్ పొడవునా ఉండే ఇనుప బెడ్ మెలిక తిరుగుతుంది. నేను అలా బిగించిన తరువాత 150 మిల్లీమీటర్ల రాడ్డు తిప్పి కొలిస్తే ఒక చివరకూ ఇంకొక చివరకూ 0.06 మిల్లీమీటర్ల తేడా వచ్చింది; తప్పు టూలుదనుకొని రెండు రోజులు దానినే నూరుతూ కూర్చున్నాను. మిషన్ బరువు ట్రే మీద పడకూడదు. 40 మిల్లీమీటర్ల రాడ్డు నుంచి 60 మిల్లీమీటర్ల పొడవు దిమ్మెలు నాలుగు, నడుమ బోల్టుకు రంధ్రంతో, సరిగ్గా ఒకే ఎత్తుకు ఫేసింగ్ చేసుకోండి, అంటే చివరలు లేత్ మీద చదును చేసుకోండి. లేత్ విప్పకముందే చేసుకోండి, విప్పాక ఇంకొకరి దగ్గరికి పోవలసి వస్తుంది. దిమ్మెలు నేరుగా స్టాండు మీద కూర్చోవాలి, ట్రేలోని రంధ్రాల గుండా పైకి రావాలి. ప్రతి రంధ్రం చుట్టూ రెండంగుళాల పైపు నుంచి 30 మిల్లీమీటర్ల ఎత్తు రింగు కోసి, మడికి గట్టు వేసినట్టు ట్రే లోపల అతికించండి. ట్రేలో నీళ్లు మూడు సెంటీమీటర్లకు పైగా నిలిస్తేనే గట్టు దాటుతాయి.

ట్రే మిషన్ బరువు మోయదు గనుక దానిని వాలుగా పెట్టుకోవచ్చు. పొడవు మీద ఒక సెంటీమీటరు వాలు చాలు. పల్లం మూలలో అర అంగుళం సాకెట్, బాల్ వాల్వు, లోపలి వైపు టీ వడకట్టే జల్లెడ పెట్టుకుంటే సాయంత్రం నీళ్లు డబ్బాలోకి దించుకోవచ్చు. పైకి తేలే నూనెను గరిటెతో తీసి వేరే డబ్బాలో పోయండి, మురుగు కాలువలో వద్దు. కర్నూలు మురుగు చివరికి చేరేది హంద్రీ, తుంగభద్రలకే. ఇంకొక్క మాట: మా అనంతపురం బోరు నీళ్ల వంటి ఉప్పు నీళ్లలో సోలబుల్ ఆయిల్ విరిగి మీగడ కట్టినట్టు పైకి తేలుతుంది. మీవీ అలాంటి నీళ్లే అయితే తాగే నీళ్లు వాడండి. నీళ్లలో నూనె పోసి కలపాలి, నూనెలో నీళ్లు పోయకూడదు.

జవాబు (కడప)

అనంతపురం అన్నగారు చెప్పిన జింకు మాట నిజమే, నేను ఆ నీళ్ల సంగతి ఆలోచించలేదు. అయితే ఆ రింగులకు వెల్డింగ్ ఎందుకండీ? ఆసిడ్ రాసి సీసంతో మాటు వేస్తే చాలు. సీసం, తగరం కలిపిన మాటు 200 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది, రేకు వంకర పోదు. రేకు మెరిసేదాకా రుద్ది వేస్తే సీఆర్ షీటుకూ పట్టుకుంటుంది. మాటు వేశాక ఆసిడ్ పోయేటట్టు నీళ్లతో బాగా కడగండి, లేకుంటే అక్కడే తుప్పు మొదలవుతుంది. పెయింటు వేయకముందే పరీక్ష చేయాలి: అతుకుల బయటి వైపు సున్నం పూసి ఆరనిచ్చి, లోపల డీజిల్ పోసి రాత్రంతా ఉంచండి. నీటికి కనబడని సన్నటి చీలిక అయినా సున్నం మీద మరకగా తేలుతుంది. మరక లేకపోతే డీజిల్ పూర్తిగా తుడిచి, థిన్నరుతో కడిగాకనే పెయింటుకు పంపండి.

ప్రశ్న అడిగినవారు (కల్లూరు, కర్నూలు)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ముగ్గుపిండి పరీక్షలో హెడ్‌స్టాక్ ఆయిల్ ప్లగ్ దొరికింది; ఫైబర్ వాషరు మార్చాను, ఆ కారుడు ఆగింది. ట్రంకుపెట్టెల దుకాణంలో పెద్దాయన కాగితం నమూనా చూసి నవ్వి, "ఇది మాకు నేర్పిస్తివా నాయనా" అన్నాడు గానీ, 20 గేజీ సీఆర్ షీటును ఒక్క పూటలో మడిచి, రింగులకు, సాకెట్‌కు మాటు వేసి ఇచ్చాడు. సున్నం మీద సాకెట్ దగ్గర గోరంత మరక వచ్చింది, మళ్లీ మాటు వేశాక పోయింది.

మిషన్ ఎక్కించాక ఒక చిక్కు ఎదురైంది. ట్రేలో చెంచాడు నీళ్లు కూడా నిలవకపోయినా స్టాండు కింద తడి కనిపించింది. మళ్లీ ముగ్గుపిండే చల్లాను. కూలెంట్ చుక్క లేత్ కాలి అడుగు భాగాన్ని అంటిపెట్టుకొని జరుగుతూ వచ్చి, దిమ్మె మీదుగా దిగి, రింగు లోపలి నుంచే నేలకు పోతోంది. గట్టు ఎంత ఎత్తున్నా లోపలి వైపు దిగేదానిని ఏమీ చేయలేదు. పాత స్కూటరు ట్యూబు నుంచి నాలుగు ముక్కలు కోసి, పై చివరను దిమ్మె మెడకు క్లిప్పుతో బిగించి, కింది చివర రింగు బయటికి గొడుగులా వాలేటట్టు తొడిగాను. ఇప్పుడు చుక్క ట్యూబు మీదుగా జారి ట్రేలోనే పడుతోంది. పది రోజులుగా స్టాండు కింద పరచిన తెల్ల కాగితం తెల్లగానే ఉంది. బండల సందుల్లోని పాత నలుపును తీసే ఉపాయం తాడిపత్రి అన్నకు తెలిసి ఉంటే, దయచేసి అది కూడా రాయండి.