‘ఎ ఫాల్! ఎ ఫాల్!’ తెలుగులో ఏమని అరవాలి?

ప్రశ్న: ఆర్కిటిక్‌లో తిమింగలాల వేట మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1820 నాటి ఇంగ్లండ్ ఓడలు. పడవలోంచి విసిరిన హార్పూన్ (తాడు కట్టిన ఈటె) తిమింగలానికి గుచ్చుకోగానే ఆ పడవలో జెండా లేస్తుంది. అది చూసి ఓడ మీద కాపలావాళ్లు డెక్‌ని కాళ్లతో దబదబా బాదుతూ ‘ఎ ఫాల్!’ అని అరుస్తారు. నేను ‘పడిపోయింది!’ అని రాశాను. మా అక్క చదివి, ‘ఎవరు పడ్డారు?’ అంది.

జవాబు: అక్కగారు సరిగ్గానే పట్టుకున్నారు, ఎవరూ పడలేదు. ఆ వేటగాళ్ల మాటలు చాలావరకు డచ్చివాళ్ల నుంచి వచ్చినవి. ఇంగ్లండ్‌లోని విట్బీ రేవుకి చెందిన తిమింగలాల వేట ఓడ కెప్టెన్ విలియం స్కోర్స్‌బీ 1820లో ఈ ‘ఫాల్’కి మూలం డచ్చి ‘వాల్’ అనీ, దానికి దూకడం అనే అర్థం కూడా ఉందనీ రాశాడు. దూకేది నావికులు! నిద్రలోంచి లేచి, బట్టల మూట చేత్తో పట్టుకుని, లోపలి బట్టలతోనే పడవల్లోకి దూకేవాళ్లు. మైనస్ 18 డిగ్రీల చలిలోనూ అంతే. కొత్తగా వచ్చినవాడొకడు ఓడ మునిగిపోతోందనుకుని పడవెక్కబోతే, చోటు లేదని ప్రతి పడవవాళ్లూ నెట్టేశారట. నా ఓటు ‘దూకండ్రా!’కి.

మరొకరు: ‘పోయింది’ తీసేసి ‘పడింది!’ ఉంచండి. మా ఊరి చెరువు గట్టు మీద గాలం వేసేవాళ్లు అరిచేది అదే.

జవాబు: వినడానికి బాగుంది గానీ, గాలానికి పడితే చేప మన బుట్టలోకి వచ్చినట్టే కదండీ. ఇక్కడ హార్పూన్ తగిలాకే అసలు పని. తిమింగలం తాడుతో సహా లోతుకి పోతుంది. ఒక్కో పడవలో 120 ఫాదమ్‌ల తాళ్లు ఆరుండేవి. (ఫాదమ్‌ని హాయిగా ‘బార’ అనండి, రెండూ చాచిన చేతుల కొలతలే.) మొత్తం 720 బారలు, దాదాపు 1.3 కిలోమీటర్లు. అదీ చాలకపోతే ఇంకో పడవ తాడు ముడేయాలి. అంత కంగారు అందుకే.

ప్రశ్న అడిగినవారు: సరే, ‘దూకండ్రా!’ ఖాయం. ఇంకో అనుమానం. అందరూ ‘ఫాస్ట్ బోట్’ వైపు తెడ్లు వేశారని ఉంది. ‘వేగంగా పోయే పడవ’ అని రాశాను.

జవాబు: అయ్యో, అది వెంటనే మార్చండి! ఈ ‘ఫాస్ట్’కి వేగంతో పని లేదు, గట్టిగా తగులుకుని ఉన్నది అని. తాడుతో తిమింగలానికి కట్టుబడిన పడవ. ‘తగులుపడవ’ అంటే ఎలా ఉంటుంది?